బూందీకి నేర్పిన వాసన

ఫోను మోగినప్పుడు మేమిద్దరం మేడ మీద నీడపట్టున కూర్చుని తాటిముంజలు తింటున్నాం. ముంజలోకి బొటనవేలు దించి నీళ్ళు ఒలకకుండా జుర్రుకోవడం కౌస్తుభ్‌కి నేర్పుతున్నాను. ఆయన హైదరాబాదులో అపార్టుమెంట్ల మధ్య పెరిగిన మనిషి. అప్పటికి సగం నీళ్ళు నోట్లోకీ సగం చొక్కా మీదకీ వెళ్ళాయి.

"సుమేధా, ఎత్తు ఎత్తు! ఫణీంద్ర గారు!" అన్నారు జిగట చేతులు రెండూ గాల్లోకి లేపి.

నా చేతులూ అలాగే ఉన్నాయి. మోచేత్తో తెర మీద నొక్కి, ఫోనుని రెండు మణికట్ల మధ్య పట్టుకుని ఆయన చెవికి ఆనించాను. ఫణీంద్ర గారు మా ఆయన పనిచేసే ప్రయోగశాలకి డైరెక్టరు. మా ఆయన మాట్లాడిందల్లా "సార్... సార్... నిజంగానా సార్..." అంతే. అటు పెట్టేశాక నా వంక తిరిగి, "అనుమతి వచ్చేసింది. పిల్లల వేసవి శిబిరంలో ఘ్రాణి వాడుకోవచ్చట. బాగా జరిగితే వచ్చే ఏడు అన్ని జిల్లాల బడులకీ ఇస్తారట," అన్నారు.

నేను కేక వేశాను. కింద వాటాలో ఉండే ఇంటావిడ మెట్ల దగ్గరకొచ్చి, "ఏంటమ్మా, విశేషమా?" అని అడిగింది. పెళ్ళై మూడు నెలలైనా కాలేదు. నేను సిగ్గుతో చచ్చిపోతుంటే మా ఆయన పిట్టగోడ మీదనుంచి వంగి, "అవునండీ, విశేషమే!" అనేశారు. సాయంత్రానికి ఆవిడ గిన్నెడు సున్నుండలు పంపింది. నిజం చెప్పే ధైర్యం లేక ఇద్దరం కూర్చుని తినేశాం.

ఘ్రాణి రూపాయి బిళ్ళంత ఉండే సెన్సర్. వాసన పట్టే యంత్రాలు లోకంలో చాలానే ఉన్నాయి. అవి అంకెలు చెబుతాయి. మనిషి ముక్కు అంకెలు చెప్పదు, "అత్తయ్య వచ్చింది" అని చెబుతుంది, "ఇది మా ఇల్లు" అని చెబుతుంది. ఆ గుర్తుపట్టడాన్ని యంత్రానికి అందించాలని కౌస్తుభ్ ఎన్నో ఏళ్ళుగా కష్టపడ్డారు. ఆ బిళ్ళలో ఒక చుక్క పోషకద్రవం, అందులో ప్రయోగశాలలో పెంచిన నాడీకణాలు ఉంటాయి. దాన్ని మెడ వెనక, జుట్టు మొదలయ్యేచోట అంటించుకుని బాగా తెలిసిన వాసనేదైనా పీల్చాలి. మెదడులో కలిగే కదలిక ఆ కణాల్లో అచ్చుపడుతుంది. ఆ పైన బిళ్ళని తీసి రోబోలో పెడితే, రోబో ఆ వాసనని మనలాగే గుర్తుపడుతుంది.

పెళ్ళైన రెండో వారంలో దాన్ని నాకు చూపించిన తీరు తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఆయన బిళ్ళ మెడకి అంటించుకుని, తలంటుకుని జుట్టారబెట్టుకుంటున్న నా వెనక్కి వచ్చి, జుట్టులో ముఖం పెట్టి గట్టిగా పీల్చారు. లాప్‌టాప్ తెర మీద ఎర్ర గీత కొంచెం తగ్గింది. ఆ గీత యంత్రం ఎంత పొరబడుతోందో చూపిస్తుందట. "ఇంకోసారి," అన్నారు. "ఇంకోసారి. సెన్సర్‌తో పనిచేసేవాళ్ళు గీత సున్నా అయ్యేదాకా వదలకూడదు." అది పరిశోధనో, సాకో నేను అడగలేదు. చివరికి సున్నా అయింది. బిళ్ళని చెప్పుల డబ్బాకి చక్రాలు తగిలించినట్టుండే చిన్న బండిలో పెట్టారు. బండి ఇల్లంతా వదిలేసి నా కాళ్ళ దగ్గరకే వచ్చింది. వంటింట్లోకెళ్తే వంటింట్లోకి, వసారాలోకెళ్తే వసారాలోకి. ఆ రోజంతా ఇద్దరు మొగుళ్ళున్నట్టనిపించింది.

మర్నాడు పొద్దున ఆయన నా పక్కన కూర్చుని, "కొత్త షాంపూనా?" అన్నారు.

"కుంకుడుకాయేనండీ బాబూ! వారానికే నన్ను మర్చిపోయారా?" అని దెప్పాను. ఆయన తికమకగా నవ్వారు.

శిబిరం కడియపులంకలో, నర్సరీల మధ్య ఉన్న ఒక బడిలో పెట్టాం. స్కూటరు మీద వెళ్తుంటే రెండు వైపులా వరసల్లో గులాబీ మొక్కలూ, తడిపిన మట్టీ, పచ్చి పేడా. ఒక్కో మలుపులో ఒక్కో వాసన. నేను ఎలక్ట్రానిక్స్ చదువుకున్నాను కనక రోబోలకి ప్రోగ్రాం రాయడం నేర్పించే పని నాది, ఘ్రాణి పని ఆయనది. పిల్లలు చాలామంది నర్సరీల్లో పనిచేసేవాళ్ళ పిల్లలు. మొదటి వారం వెలుతురు సెన్సరూ, దూరం సెన్సరూ. "గోడ దగ్గరైతే ఆగు, లేకపోతే పద" అని లాప్‌టాప్ తెర మీద రంగు ముక్కలు ఒకదాని కింద ఒకటి పేర్చాలి. తరుణ్ అనే వాడు "లేకపోతే పద" పెట్టడం మర్చిపోయాడు.

"టీచరండీ, నా బండి అలిగిందండి. కదలట్లేదండి!"

"పద అని నువ్వు చెప్పావా మరి?"

"చెప్పకపోతే తెలవద్దా అండీ దానికి? మా గేదెకి తెలుత్తది!"

అందరం పడీ పడీ నవ్వాం. ఒక్కొక్కరూ తమ బండికి ఒక పేరు పెట్టుకున్నారు. తరుణ్ బండి పేరు పులిరాజు. లాస్య బండి పేరు బూందీ.

లాస్యకి పదేళ్ళు. రెండు జడలతో వచ్చేది. ఎడమ జడ చక్కగా ఉండేది, కుడి జడ మధ్యాహ్నానికే విడిపోయేది. ఒకసారి నేను అల్లుతుంటే తనే చెప్పింది. "నాన్నేత్తాడండి జడలు. ఎడమది బానే వచ్చుద్ది. కుడిది ఇంకా రావట్లేదు. నేర్చుకుంటున్నాడు." తల్లి నాగమణి కిందటేడు వానల్లో జ్వరంతో పోయిందని బడి ఆయా చెప్పింది. తండ్రి సూరిబాబు గులాబీలకి అంట్లు కడతాడు. భార్యాభర్తలిద్దరూ ఒకే నర్సరీలో, ఒకే వరసలో, ఎదురెదురుగా కూర్చుని కట్టేవారట.

రెండో వారం ఘ్రాణి బయటికి తీశాం. బాగా ఇష్టమైన వాసన తెచ్చుకోమన్నారు కౌస్తుభ్, మనసుకి దగ్గరైన వాసనైతే కణాల్లో గట్టిగా అచ్చుపడుతుందని. ఒకడు పెట్రోలు గుడ్డ తెచ్చాడు. ఒకమ్మాయి తన కుక్కపిల్లనే చంకనేసుకొచ్చింది. తరుణ్ వేడి పునుగులు తెచ్చి, నేర్పించేలోపే సగం తినేశాడు. లాస్య జిప్పు ఉన్న ప్లాస్టిక్ కవరులో మడతపెట్టిన పాత వాయిల్ చీర తెచ్చింది.

కవరు తెరిచేముందు మా ఆయన్ని అడిగింది. "సారండీ, బూందీకి నేర్పితే ఇంక పోదు కదండీ?"

"ఏది పోదు?"

"అమ్మ వాసనండి. కవరు ఇప్పినప్పుడల్లా కొంచెం పోతాంది. అందుకని ఆదివారాలే ఇప్పుతాం. నాన్న ఓసారి, నేనోసారి. మళ్ళీ మూసేత్తాం."

కౌస్తుభ్ ఆమె తల నిమిరి, "పోదమ్మా. బూందీ దగ్గర భద్రంగా ఉంటుంది," అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన కళ్ళల్లో వెలుగు నాకు బాగా గుర్తు. ఇన్నాళ్ళ చాకిరీ ఎందుకో ఆ పిల్ల ఒక్క ముక్కలో చెప్పేసిందని ఆ రోజు స్కూటరు మీద దారి పొడవునా అంటూనే ఉన్నారు.

ఎర్ర గీత సున్నా చేసినవాళ్ళకి రోబో మీద అంటించుకోవడానికి వెండి నక్షత్రం ఇస్తామన్నాం. చాలామంది పిల్లలు గీత కాస్త తగ్గగానే విసుగెత్తి లేచిపోయారు. తరుణ్ నక్షత్రం కోసం ఇంకో పొట్లం పునుగులు తెప్పించుకుని సున్నా చేశాడు. లాస్య ఎవరితోనూ పోటీ పడలేదు. కళ్ళు మూసుకుని చీర ముఖానికి ఆనించుకునేది, పెదాల చివర చిన్న నవ్వు వచ్చేది, తెర చూసేది, "ఇంకోసారండి," అనేది. అక్కడక్కడ చెరిగిపోతే అమ్మ సగమే ఉంటుందని ఆమె భయం. చివరికొచ్చేసరికి ఆ నవ్వు పలచబడినట్టనిపించింది. అలసిపోయింది కాబోలనుకున్నాను. గీత సున్నా అయ్యాక చీర మడిచి కవరులో పెట్టేసి, జిప్పు రెండుసార్లు లాగి చూసుకుంది.

శనివారం పిల్లల ప్రదర్శన. తల్లిదండ్రులంతా వచ్చారు. హాలులో గోడవార సంచులు వరసగా పెట్టాం. వాటిలో పిల్లలు తెచ్చిన వాసనలన్నీ ఉన్నాయి, ఏ సంచిలో ఏముందో రోబోకి తెలియదు. పులిరాజు తిన్నగా పునుగుల సంచి దగ్గరకెళ్ళి ఆగాడు, జనం ఈలలు వేశారు. బూందీ వంతు వచ్చింది. పూల సంచి దాటింది. కుక్కపిల్ల దగ్గర ఆగకుండా పోయింది. అంత రద్దీలో, అన్ని వాసనల మధ్య నెమ్మదిగా పక్కకి తిరిగి, చీర కవరు దాచిన సూరిబాబు పాత ఎరువుల సంచి ముందు ఆగి, నీలం దీపం వెలిగించి "కూ" అంది. అది లాస్య పెట్టిన కూత.

సూరిబాబు ఉన్నచోటే గొంతుక్కూర్చున్నాడు. రోబో మీద అరచెయ్యి పెట్టి, "నాగమణిని గుర్తుపట్టేసింది," అన్నాడు. నేను ఏడ్చేశాను. అవి ఆనందబాష్పాలే. కౌస్తుభ్ గర్వంతో నా చెయ్యి పట్టుకుంటే అందరిముందూ పట్టుకోనిచ్చాను.

చప్పట్లు సద్దుమణిగాక లాస్య సంచిలోంచి కవరు తీసి తెరిచింది. ఆదివారం కాకపోయినా తండ్రి ఏమీ అనలేదు. చీరలో ముఖం పెట్టింది. తీసింది. మడత విప్పి, కొంగు వెతికి పట్టుకుని మళ్ళీ పెట్టింది.

"నాన్నా, ఇది మార్చేశావా?"

"నేనెందుకు మారుత్తానమ్మా? అదే చీర."

"కాదు. చూడు."

సూరిబాబు చీర అందుకుని వాసన చూశాడు. ఒక్క క్షణం అతని ముఖం మెత్తబడింది. "అదేనమ్మా. అమ్మదే."

లాస్య నా వైపు తిరిగింది. ఏడవలేదు. లెక్క తప్పు ఎక్కడ జరిగిందో వెతుక్కునే పిల్లలా కనుబొమలు ముడిచి, "టీచరండీ, వాసనొత్తాంది. అమ్మ రావట్లేదు," అంది.

జనం హడావిడి, గోల, ఒకేసారి అన్ని వాసనలు. ముక్కు పట్టేసి ఉంటుందని చెప్పి పంపించాం. ఇంటికొస్తూ స్కూటరు మీద ఇంకో కారణం చెప్పారు మా ఆయన. "బెంగ పెట్టుకుందిలే. రోబో గుర్తుపట్టేసరికి తల్లి గుర్తొచ్చి ఉంటుంది."

"గుర్తు రావట్లేదనే కదండీ చెబుతోంది."

"ఏడాది పాటు పరీక్షలు చేశాం సుమేధా. ఒక్కరూ ఏమీ అనలేదు."

"ఆ పిల్ల అంటోందిగా!"

"నాకంటే నీకెక్కువ తెలుసా ఘ్రాణి గురించి?"

పెళ్ళయ్యాక అదే మొదటి పోట్లాట. మిగతా దారంతా నేను స్కూటరు వెనక కడ్డీ పట్టుకున్నాను గానీ ఆయన నడుము పట్టుకోలేదు. ఇంటికొచ్చి కాఫీ పెట్టి, కప్పు ఆయన ముందు కావాలనే చప్పుడయ్యేట్టు పెట్టాను. ఆయన ఆ కప్పు వంకే చూస్తూ, సంధి చేసుకునే గొంతుతో, "కాఫీ, నిమ్మకాయ, సబ్బు... పరీక్షల్లో వాడినవి ఇవే. అందరికీ బాగా తెలిసినవి కదా అని," అన్నారు.

"మరి మర్నాడు వాళ్ళు కాఫీ తాగారా?"

"తాగకుండా ఎవరుంటారు?"

అప్పుడు నాకు తట్టింది. "నా జుట్టు వాసన సున్నా చేసిన మర్నాడు, కొత్త షాంపూనా అని అడిగారు," అన్నాను.

ఆయన కప్పు పక్కకి జరిపేశారు. "ఆ పొద్దున నువ్వు నాకు కొత్త మనిషిలా అనిపించావు. పెళ్ళైన కొత్త కదా, అలాగే ఉంటుందేమో అనుకున్నాను. నువ్వు రోజూ పక్కనే ఉన్నావు. మళ్ళీ నేర్చుకున్నాను," అన్నారు.

కాఫీ రోజూ వస్తుంది. పునుగులు రోజూ వస్తాయి. భార్య రోజూ పక్కనే ఉంటుంది. నాగమణి రాదు.

మర్నాడు ఆదివారం. ఖాయం చేసుకోవాలంటే రోజూ ఎదురుపడని వాసన ఒకటి కావాలి. తన మీద చేసుకుంటానన్నారు ఆయన. నేను బీరువా అడుగునుంచి మధుపర్కం చీర తీశాను. పసుపు అంచు తెల్లచీర, పెళ్ళి తర్వాత ఉతకలేదు.

"వద్దు, నా ఉత్తరీయం తీసుకో," అన్నారు.

"పెళ్ళిలో మీకు జలుబు. మంగళసూత్రం కట్టేటప్పుడు తుమ్మారు కూడా. మీకు ఆ రోజు వాసన ఏం తెలుస్తుంది?"

నవ్వుదామనే అన్నాను. ఇద్దరికీ నవ్వు రాలేదు. జడ పక్కకి తీసి మెడ వంచాను. ఆయన బిళ్ళ అంటించారు.

మొదటిసారి పీల్చినప్పుడు పెళ్ళిపందిరి మొత్తం వచ్చింది. తడిపసుపు, హోమం పొగ, కర్పూరం, నెత్తి మీద జీలకర్రా బెల్లం, తలంబ్రాల దోసిలి ఎత్తలేక నేను నవ్వడం, తెర పక్కనుంచి ఆయన చెవి మాత్రమే కనిపించడం, ఆ చెవి ఎర్రగా ఉండడం. రెండోసారి కూడా వచ్చాయి. తర్వాత ఒక్కొక్కటే కొంచెం దూరం జరుగుతూ పోయాయి. ఆపమని ఆయన రెండుసార్లు అన్నారు. లాస్య ఆపలేదు కదా అని నేనూ ఆపలేదు. గీత సున్నా అయింది.

మళ్ళీ చీర ముఖానికి పెట్టుకున్నాను.

"ఏమైంది?" అన్నారు.

"పసుపు వాసన వస్తోంది. కొంచెం పొగ."

"ఇంకా?"

"నూలుబట్ట."

"ఇంకేం లేదా?"

మా పెళ్ళి జరిగిందని నాకు తెలుసు. ఫోటోలో చూసినట్టు ప్రతిదీ తెలుసు. కానీ ఆ చీరలోంచి నా దగ్గరకి ఎవరూ రాలేదు. ఆ బిళ్ళని బండిలో పెడితే, బండి ఇల్లంతా వదిలి ఆ చీర దగ్గరకెళ్ళి ఆగింది. కౌస్తుభ్ నేల మీద కూర్చుని దాని స్విచ్చి ఆపేశారు.

"అచ్చు తీస్తోందనుకున్నాను. ఆ కణాలు నకలు తీసుకోవట్లేదు. ఉన్నదాన్నే లాగేసుకుంటున్నాయి," అన్నారు.

ఆ రోజంతా ప్రయోగశాలలోనే ఉన్నారు. నేను క్యారియరు పట్టుకుని వెళ్ళేసరికి నా బిళ్ళ సూక్ష్మదర్శిని కింద ఉంది. తిరిగి ఇచ్చే దారి ఉందేమోనని అన్ని రకాలుగా చూశారు. కణాలకి పీల్చుకోవడం తెలుసు, వదలడం తెలియదు. ఇంకో సంగతి ఆయనకి ముందే తెలుసు. అంతకుముందు ఎవరికీ అది ముఖ్యమనిపించలేదు. ఆ కణాలు పోషకద్రవం ఉన్నంతకాలమే బతుకుతాయి. కొత్త ద్రవం పోస్తే అచ్చు చెదిరిపోతుంది. బూందీ దగ్గర ఉన్న నాగమణి కూడా తొలకరి నాటికి ఉండదు.

"భద్రంగా ఉంటుందని చెప్పాను ఆ పిల్లకి," అన్నారు. క్యారియరు మూత తీసి ఎదురుగా పెట్టాను. ఇద్దరం ముద్ద ముట్టుకోలేదు.

సోమవారం పొద్దున ఫణీంద్ర గారికి ఆయనే ఫోను చేశారు. నేను పక్కనే నిలబడ్డాను.

"ప్రదర్శన వీడియో చూశానయ్యా! కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. పైవాళ్ళు కూడా చూశారు. వచ్చే ఏడు దాకా ఎందుకు, దసరా సెలవులకే ఇచ్చేద్దామంటున్నారు!"

"వద్దు సార్. ఆపేయాలి."

జరిగింది చెప్పారు. "ఒక్క పిల్ల చెప్పిన మాట మీదా?"

"మా ఆవిడ కూడా చెబుతోంది సార్. నేనూ చెబుతున్నాను. పరీక్షల్లో కాఫీ వాసన చూపించాం. వాళ్ళు మర్నాడు మళ్ళీ కాఫీ తాగారు. అందుకే మనకి తెలియలేదు."

"గీత సున్నా దాకా వెళ్ళకుండా మధ్యలో ఆగేట్టు చేస్తే సరిపోదూ? కొంచెం పోతే ఏం పోయింది?"

"ఎవరికి ఏది కొంచెమో మనకెలా తెలుస్తుంది సార్?"

"కౌస్తుభ్, నీ పనిని నువ్వే ఆపుకుంటున్నావు. ఆలోచించుకో."

"ఆపుతున్నాను సార్. కాగితం మీద రాసి పంపుతాను."

ఫోను పెట్టేశాక ఆయన భుజాలు ఒక్కసారిగా దిగిపోయాయి. నేను వెనకనుంచి వాటేసుకుని వీపుకి ముఖం ఆనించాను. చెమటా, ఉతికిన చొక్కా, ఆయనా. ముగ్గురూ ఉన్నారు. ఎంతసేపైనా అలాగే ఉండిపోవాలనిపించింది.

బూందీతోపాటు లాస్య ఇంటికెళ్ళిన బిళ్ళ తప్ప, బడిలో మిగతా పిల్లలందరి బిళ్ళలూ వెనక్కి తీసుకుని, ఇళ్ళకి తిరిగి ఒక్కొక్కరికీ చెప్పాం. కుక్కపిల్లని తెచ్చిన పిల్ల గీత మధ్యలోనే వదిలేసింది కనక బతికిపోయింది. తరుణ్ ఆలోచించి, "అదా అండీ! ఆదివారం పునుగులు కొత్తగా అనిపించినియ్యి. రెండు పొట్లాలు తిన్నాక మామూలైపోయినియ్యి," అన్నాడు. సూరిబాబు ఇల్లు చివరికి ఉంచుకున్నాం. అతను పని దిగి వచ్చే వేళకి వెళ్ళాం. నర్సరీ వెనక రెండు గదుల డాబా. మమ్మల్ని చూసి కుర్చీలు బయటికి తెచ్చి, కొబ్బరిబోండాలు కొట్టబోయాడు. కౌస్తుభ్ వద్దని ఆపి, నిలబడే మొత్తం చెప్పారు. ఏదీ దాచలేదు, ఏదీ తగ్గించలేదు. లాస్య గుమ్మంలో బూందీని ఒళ్ళో పెట్టుకుని వింది.

సూరిబాబు కత్తి గోడకి ఆనించాడు.

"మీరు సదువుకున్నోళ్ళు కదండీ," అన్నాడు నెమ్మదిగా. "మేమైతే కొత్తరకం మొక్కొచ్చినా ఓ నాలుగు కొమ్మలకి అంటు కట్టి, ఓ ఏడాది చూత్తామండి. పిల్లల మీద పెట్టేశారేంటండీ?"

కౌస్తుభ్ తల దించుకుని, "తప్పు నాదేనండి," అన్నారు.

"మీదైతే నాకేటండి ఇప్పుడు?" అన్నాడు సూరిబాబు. "నాకింకా వత్తందండి. నిన్న ఆదివారం కదా, కవరిప్పాను. అలా పక్కనొచ్చి కూకున్నట్టే వచ్చింది. దానికి రాలేదు. నాకొచ్చి నా కూతురికి రాకపోతే, అది చూత్తా ఉంటే, ఆ వాసన నేనేం చేసుకోనండి? సగం దానికి కోసిచ్చేదా అది?"

పక్క నర్సరీలో మొక్కలకి నీళ్ళు పెడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

లాస్య అడిగింది. "బూందీకి వత్తాంది కదండీ ఇంకా?"

"వస్తోందమ్మా," అన్నారు కౌస్తుభ్.

"ఎన్నాళ్ళొచ్చుద్ది?"

ఆయన నా వంక చూశారు. అబద్ధం చెప్పొద్దని తల ఊపాను. "వానలు మొదలయ్యేదాకా. ఆ తర్వాత దానికీ రాదు. భద్రంగా ఉంటుందని చెప్పాను. నాకు తెలియకుండా చెప్పాను."

లాస్య బూందీ చక్రాన్ని వేలితో తిప్పుతూ కూర్చుంది. తిరిగి ఆగింది, మళ్ళీ తిప్పింది. అప్పుడు నా దగ్గరకొచ్చి, "టీచరండీ, చీర కాడే ఆగమని కదా దానికి చెప్పాను. వాసన ఎక్కడ తగిలితే అక్కడ ఆగమని మార్చొచ్చా?" అంది.

"మార్చొచ్చు. కూత పెట్టి, కాసేపు ఆగి, మళ్ళీ ముందుకెళ్ళమని చెప్పాలి."

"కొంచెమే ఉన్నా పట్టుద్దా అండి? తలుపు మీదా, గోడ మీదా?"

"మన ముక్కుకి అందనిది కూడా పట్టేస్తుంది," అన్నారు కౌస్తుభ్.

లాప్‌టాప్ నా సంచిలోనే ఉంది. అరుగు మీద కూర్చుని తనే ముక్కలు పేర్చుకుంది. నేను వేలు పెట్టలేదు. ఒకచోట "లేకపోతే పద" పెట్టడం మర్చిపోయి, తనే చూసుకుని పెట్టింది. అయ్యాక తండ్రి వైపు తిరిగింది.

"నాన్నా, బూందీ ఇల్లంతా తిరుగుద్ది. అది ఆగినకాడల్లా నువ్వు చెప్పాలి."

"ఏం చెప్పాలమ్మా?"

"అక్కడ అమ్మేం చేసేదో. నిలబడేదా, కూకునేదా, నన్ను తిట్టేదా, ఏదైనా. అన్నీ చెప్పాలి. నాకు గుర్తున్నయ్యి కూడా చెప్పాలి. నేనింటా."

సూరిబాబు తువ్వాలుతో ముఖం అదిమి పట్టుకున్నాడు. లాస్య బూందీని గుమ్మంలో దింపబోతే చప్పున చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇప్పుడొద్దమ్మా. పొద్దు వాలిపోయింది, నేనింకా మట్టిచేతుల మీదున్నా. రేపు." మా వైపు తిరిగాడు. కళ్ళు తుడుచుకోలేదు. "రేపు పనికెళ్ళనండి. ఇల్లు ఊడవను, తలుపులు తియ్యను, ఏదీ కదపను. ఎక్కడున్నది అక్కడే ఉంటది. పొద్దున్నే వచ్చేయండి, మీరిద్దరూనూ. వంటింట్లోంచి మొదలెడదాం."